ఏడు ప్రాకారాల రాజధానిని రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కాల్పనిక సామ్రాజ్యపు నవలలోని తొలి అధ్యాయాలూ, వాటితో పాటు నువ్వు గీసి పంపిన రాజధాని పటమూ అందాయి. పటం చాలా ముచ్చటగా ఉంది. ఏడు వలయాలు, ఏడు రంగుల రాళ్లు, నట్టనడుమ చక్రవర్తి నగరు (రాజభవనాల ఆవరణ), అన్నిటికన్నా బయట పేదల గుడిసెలు, లోపలికి వెళ్లేకొద్దీ పెరిగే సంపద, ఇవన్నీ చూడగానే అర్థమవుతున్నాయి. అధ్యాయాలు చదువుతుంటే మాత్రం ఆ ఊళ్లో ఎవరూ కాపురం ఉంటున్నట్టు అనిపించలేదు. నీ వాక్యం బాగుంది, ఊహకూ కొదవ లేదు. కానీ ఒక వలయం నుంచి మరో వలయానికి రోజూ ఏమేమి దాటుతున్నాయో, ఎవరి అనుమతితో దాటుతున్నాయో నువ్వింకా తేల్చుకోలేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా దాని గురించే.

పొరలు పొరలుగా పెరిగిన రాజధానిని ఊహించడానికి, ఇప్పుడు హంపిలో శిథిలాలుగా మిగిలిన విజయనగరాన్ని మించిన పాఠం మనకు దొరకదు. హెరాత్ నుంచి తైమూరు వంశపు ప్రభువు షారుఖ్ పంపగా 1443లో రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్, ఆ నగరానికి ఒకదానిలో ఒకటిగా ఏడు ప్రాకారాలు ఉన్నాయని రాశాడు. చదివినవాళ్లందరూ ఆ ఏడు అనే అంకెను గుర్తుపెట్టుకుంటారు. ఆ వెంటనే ఆయన చెప్పిన మాటను నువ్వు గుర్తుపెట్టుకో. మొదటి ప్రాకారం నుంచి మూడోదాని వరకు పొలాలు, తోటలు, ఇళ్లు ఉన్నాయనీ, మూడోదాని నుంచి ఏడోదాని వరకు అంగళ్లు, జనం కిక్కిరిసి ఉన్నాయనీ ఆయన అన్నాడు. కోటగోడల లోపలే సేద్యం సాగుతున్నదన్నమాట. నీ పటంలో బయటి వలయాలకు పేదరికం తప్ప మరో పని లేదు. వాటికి వరిమళ్లు ఇవ్వు, చెరువులు ఇవ్వు, ముట్టడి వచ్చినప్పుడు లోపలివాళ్ల అన్నం బయటివాళ్ల చేతిలో ఉండేట్టు చెయ్యి. అప్పుడు ఆ పేదవాడికీ ఆ చక్రవర్తికీ మధ్య నవల రాయగలిగినంత సంబంధం ఏర్పడుతుంది.

వీలైతే ఒకసారి హంపికి వెళ్లి ఏదైనా గుట్ట ఎక్కి చూడు. మతంగ పర్వతమైతే మరీ మంచిది. రజాక్ చెప్పిన వలయాలు అక్కడ గుండ్రంగా కనిపించవు. ఉత్తరాన తుంగభద్ర అడ్డుగా ఉన్నది. బండల గుట్టలు ఉన్నచోట గుట్టే గోడ, గుట్టకూ గుట్టకూ మధ్య ఉన్న సందుల్లో మాత్రం రాళ్లు పేర్చి గోడ కట్టారు. నది ఒడ్డున విరూపాక్షుడు, విఠలుడు కొలువున్న ఆలయాల ప్రాంతం, దానికి దక్షిణంగా కాలువ నీటితో పండే లోయ, ఆ తరువాత జనావాసం, ఆ జనావాసంలోనే ఒక వైపున రాజు నగరు ఉన్నాయి. రాజు ఊరికి నట్టనడుమ లేడు. అయితే ఊరి దారులు వచ్చి కలిసేది నగరులోని హజారరామాలయం దగ్గర, ఆ గుడికి సరిగ్గా ఉత్తరాన మతంగ పర్వతం నిలిచి ఉంటుంది. అధికారం తన స్థానాన్ని చెప్పుకోవడానికి పటంలో మధ్యబిందువే అక్కరలేదని దీన్నిబట్టి నేర్చుకోవచ్చు. గీత గీసినట్టు వలయాలే కావాలని నీ మనసు పట్టుబడితే మనకు ఓరుగల్లు ఉండనే ఉన్నది. బయట మట్టికోట, లోపల రాతికోట, వాటికి అగడ్తలు, నడుమ స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా తోరణాలు ఉన్న ఊరు అది. నీ సామ్రాజ్యపు నేల చదునైనదా, గుట్టలతో నిండినదా అన్నది ముందు తేల్చుకుని, ఆ తరువాతే గోడలు గియ్యి.

నీటిని మరిచిపోవద్దు. హంపిలోని తుర్తు కాలువ ఈనాటికీ పొలాలకు నీరిస్తున్నది. నగరులో రాతి స్తంభాల మీద రాతి దోనెలను వరసగా నిలిపి నీళ్లు పారించారు. అక్కడే తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరులో, నల్లరాతి దిమ్మల మీద ఏ దిక్కు, ఏ వరస, ఆ వరసలో ఎన్నో రాయి అన్నది తెలిపే గుర్తులు ఉన్నాయి. ఎక్కడో చెక్కి తెచ్చిన రాళ్లను ఈ గుర్తుల ప్రకారం ఇక్కడ కూర్చారు. నీ నవలలో రాజభవనం ఎంత ఎత్తుగా ఉందో చెప్పడానికి ఒక పేజీ ఖర్చు పెట్టావు. ఇలాంటి ఒక్క గుర్తును ఒక శిల్పి కూలివాడికి చదివి వినిపించే నాలుగు వాక్యాలు రాస్తే, ఆ సామ్రాజ్యపు శక్తి పాఠకుడికి అంతకన్నా బలంగా తెలుస్తుంది.

ఇక వాకిళ్ల విషయం. నీ పాత్రలు వలయాల మధ్య గాలిలా తిరుగుతున్నాయి. విజయనగరపు కోటవాకిళ్లు కొన్ని నేరుగా తెరుచుకోవు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా గోడ అడ్డం వస్తుంది, పక్కకు తిరిగి మళ్లీ తిరగాలి. ఏనుగుతో తలుపును గుద్దించే శత్రువుకు పరుగెత్తే చోటు దొరకకుండా చేసిన ఏర్పాటు అది. శాంతికాలంలో అదే మలుపు దగ్గర గడ్డిబండి ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించు. వెనక వరసగా బండ్లు ఆగిపోతాయి, ఎద్దులు మోరలెత్తి రంకె వేస్తాయి, సుంకం వసూలు చేసే సుంకరి ఆ ఆగిన వరస వెంట నింపాదిగా నడుస్తూ ఒక్కొక్క మూటా విప్పించి చూస్తాడు, వాకిలి కాపలా కాసే తలారి మాత్రం తనకు తెలిసినవాళ్లను పక్కనున్న చిన్న దిడ్డివాకిలి గుండా పంపేస్తాడు. యుద్ధం కోసం కట్టిన గోడ మామూలు రోజున మనుషులను ఎలా వడపోస్తున్నదో చూపించడానికి ఈ దృశ్యం చాలు. నీ మొదటి అధ్యాయం ఇక్కడే మొదలుకావాలని నా గట్టి అభిప్రాయం.

ఒకే ఒక వస్తువును పట్టుకుని, అది అన్ని పొరలనూ దాటి వెళ్లే దారి రాయడం నేను నమ్మే పద్ధతి. విజయనగరానికి గుర్రం అలాంటి వస్తువు. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిన ఒక సంగతి ఉన్నది. విజయనగర రాజు సాళువ నరసింహుడు, పర్షియా సింధుశాఖ ముఖద్వారంలోని రేవు హొర్ముజ్ నుంచి వచ్చే గుర్రాలను బతికి ఉన్నా చచ్చినా కొనేవాడట. ఓడలోనే చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపించినా పూర్తి వెల చెల్లించేవాడట. ఆ తోకను పట్టుకుని వర్తకుడు రాజధానికి వస్తే దాన్ని ఏ వాకిట చూపించాలి, ఎవరు పరీక్షించాలి, ఏ కరణం దాన్ని లెక్కలో ఎక్కించాలి, ఖజానా దాకా ఆ చీటీ ఎన్ని చేతులు మారాలి, ఒక్క గుర్రానికి రెండు తోకలు చూపించబోయినవాడు ఎలా దొరికిపోవాలి? ఇక్కడే నీకు ఒక అధ్యాయం దొరుకుతుంది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, దూరదేశాల నుంచి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, నగరంలో మంచి నివాసాలు ఇచ్చి, ఆ సరుకు శత్రువులకు చేరకుండా చూసుకోవాలన్నాడు. నీ రాజధానిలో పరదేశుల వీధి ఎందుకు ఉండాలో, అది నగరుకు ఎంత దగ్గరగా ఉండాలో ఈ ఒక్క సలహా చెబుతుంది. విజయనగరంలో జనావాసం నడుమనే 1385 నాటి జైనాలయమూ, 1439 నాటి మసీదూ ఉన్నాయి. ఒకే మతం, ఒకే భాష ఉన్న మహాసామ్రాజ్యపు రాజధాని నాకు నమ్మశక్యంగా ఉండదు.

సొమ్ము కూడా ఇలాగే పొరలు దాటుతుంది. నగర రక్షకభటుల జీతాలు వేశ్యావాటికల నుంచి వచ్చే ఆదాయంలోంచి చెల్లిస్తారని రజాక్ రాశాడు. నువ్వు ఒక వలయంలో దాచిపెట్టిన చీకటి వీధి, మరో వలయంలో మెరిసే కవచం వేసుకున్న భటుడికి అన్నం పెడుతున్నదని తెలిస్తే నీ కథానాయిక ఆ భటుడిని చూసే చూపు మారిపోదా? ఆయనే మరోచోట, గులాబీలు ఇక్కడివారికి అన్నమంత అవసరమని కూడా చెప్పాడు. తెల్లవారేసరికి అన్ని పూలు రావాలంటే బయటి పొర తోటల్లో రాత్రే పని మొదలుకావాలి.

కాలపు పొరల గురించి ఒక్క మాట. నీ నగరమంతా ఒకే చక్రవర్తి ఒకే ఊపులో కట్టించినట్టు ఉంది. విజయనగరంలో, 1336లో సామ్రాజ్యం మొదలయ్యిందని చెప్పుకునే నాటికే పంపాతీర్థం అనే పుణ్యక్షేత్రం అక్కడ ఉన్నది. నగరులోని ఎత్తైన రాతి వేదిక మహానవమి దిబ్బ చుట్టూ తిరిగి చూస్తే, పాత గ్రానైటు రాతి శిల్పాలున్న గోడకు తరువాతి కాలంలో పచ్చని రాతి తొడుగు వేసిన చోటు కనిపిస్తుంది. తాత కట్టిన దాని మీద మనవడు కట్టాడని, తాత పేరు కొంత కనిపించనిచ్చి కొంత కప్పేశాడని నీ నగరంలోనూ ఎక్కడో ఒకచోట చూపించు.

చివరి భాగంలో శత్రువులు ఒక్కొక్క ప్రాకారాన్నీ బద్దలు కొట్టుకుంటూ లోపలికి వస్తారని రాశావు. అలా జరగకూడదని నేను అనను. 1310లో ఢిల్లీ సేనలు ఓరుగల్లు మట్టికోటను పట్టుకుని, రాతికోట అగడ్తను పూడ్చే పనిలో ఉండగా ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. విజయనగరం కథ వేరు. 1565లో దక్కను సుల్తానులతో యుద్ధం రాజధానికి చాలా దూరాన, కృష్ణానది వైపు జరిగింది. రాజ్యాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు అక్కడ హతుడయ్యాక, తమ్ముడు తిరుమల రాయలు పేరుకు రాజైన సదాశివరాయలను, ఖజానాను వెంటబెట్టుకుని పెనుకొండకు వెళ్లిపోయాడు. ఏడు ప్రాకారాలు నిలిచే ఉన్నాయి, వాటిని కాపాడే సైన్యం మిగలలేదు. నా ఓటు ఈ రెండో పద్ధతికే, ఎందుకంటే నువ్వు మొదటి నుంచీ కట్టుకుంటూ వచ్చిన రాకపోకలన్నీ ఒక్క పూటలో ఆగిపోవడాన్ని అందులో ప్రతి వాకిట విడివిడిగా చూపించవచ్చు. ఏ దారి ఎంచుకున్నా ఇప్పుడే ఎంచుకో, ఎందుకంటే మొదటి అధ్యాయంలో ఆ తలారిని ఏ వాకిట నిలబెట్టాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

తిరగరాసిన అధ్యాయాలు పంపేటప్పుడు పటాన్ని కూడా మళ్లీ గీసి, అందులో కాలువలను ఒక రంగుతో, సుంకపు వాకిళ్లను మరో రంగుతో గుర్తుపెట్టి పంపు. చదివి వెంటనే జవాబు రాస్తాను.