పెద్దయ్యాక రాసిన ఓపెన్ టెన్త్ చెల్లుతుందా?

చెల్లుతుంది, ఓపెన్ స్కూల్‌లో పాసైన టెన్త్ ఇంటర్‌లో చేరడానికీ, టెన్త్ అర్హత అడిగే ఉద్యోగాలకూ పనికొస్తుంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి, అది ఇచ్చే సర్టిఫికెట్‌కు రెగ్యులర్ టెన్త్‌తో సమాన గుర్తింపు ఉంది. 14 ఏళ్లు నిండితే చాలు, గరిష్ఠ వయసు పరిమితి లేదు.

దేవరకొండలో మిషన్ కుట్టే 38 ఏళ్ల ఆమెను అనుకోండి. వారమంతా జాకెట్లు కుడుతుంది, ఆదివారం స్టడీ సెంటర్‌కు పోతుంది. మొదటిసారి లెక్కలు తప్పినా, పాసైన తెలుగు, సైన్స్ మార్కులు ఎక్కడికీ పోవు. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు ఉంటుంది, తర్వాతిసారి ఒక్క లెక్కల పరీక్ష రాస్తే సరిపోతుంది. పని మానలేనివాళ్లకు అసలు మేలు ఇదే. పాపం, చాలామందికి ఈ సంగతే తెలియక ఆగిపోతున్నారు.

ఓపెన్ అంటే పుస్తకం చూసి రాయడమని కొందరు పొరబడతారు. పరీక్ష హాల్లో, ఇన్విజిలేటర్ ముందే రాయాలి. వయసు, రోజూ బడికి రావడం లాంటివాటిలోనే సడలింపు. డిగ్రీకి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో దాన్ని ప్రారంభించింది మన నల్గొండ జిల్లా నాగార్జునసాగర్‌లోనే.