వేలూరు ప్రయాణానికి ముందు రేడియేటర్ చూసుకో

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

నువ్వు కారు కొన్నావని, మే నెలలో అమ్మానాన్నలను ఎక్కించుకుని నువ్వే నడుపుకుంటూ వేలూరు ఆసుపత్రికి పోతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె గొంతులో సగం భయం, సగం గొప్ప. నాకూ అంతే. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. ఈ మాట బజారులో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకొచ్చాను. ఇంటికొచ్చాక మాత్రం ఒకటే ఆలోచన. సెకండ్ హ్యాండ్ బండి, మండుటెండ, పైగా కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు కొండ ఘాట్. ప్రొద్దుటూరులో ఇన్నేళ్ళు రేడియేటర్ షెడ్ నడిపినవాడికి ఇంక నిద్రేం పడుతుంది?

టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్సు సంగతి నీకు తెలుసు. నేను చెప్పేదంతా బానెట్ కింద ప్లాస్టిక్ డబ్బాలో ఉండే రంగు నీళ్ళ గురించే. ఇంజన్ వేడిని రేడియేటర్‌కు మోసుకుపోయి చల్లార్చే ఆ నీళ్ళనే కూలెంట్ అంటారు.

అమ్మినవాడు "కూలెంట్ ఫుల్లుగా ఉంది మేడమ్" అనే ఉంటాడు. ఫుల్లుగా ఉన్నది ఏమిటో చూడాలి కదా! పొద్దున్నే, బండి తీయకముందే చూడు. మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. రంగు తేటగా ఉంటే మంచిదే. తుప్పు రంగో, అడుగున మడ్డో ఉంటే ఎన్నాళ్ళుగానో మార్చలేదని అర్థం. రంగే లేకపోతే ఎవరో ఉత్త నీళ్ళు పోసి చేతులు దులుపుకున్నారు. పైన నూనె జిడ్డు తేలుతుంటే ఇంక స్టార్ట్ చేయకు, ఇంజన్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు, అదే హెడ్ గాస్కెట్, పోయిందేమో మెకానిక్‌తో చూపించు.

ఉత్త నీళ్ళంటే మన దగ్గర బోరు నీళ్ళే. మన ఇళ్ళలో పరిచే కడప బండ ఉత్త సున్నపురాయి. భూమిలోనే అది ఉంటే బోరులోకి సున్నం రాక ఎక్కడికి పోతుంది? షెడ్‌లో పాత ఇత్తడి రేడియేటర్ల అతుకు కరిగించి ట్యాంకు విప్పితే, సన్న గొట్టాల నోళ్ళు తెల్లగా పూడుకుపోయి ఉండేవి. ఒక్కో గొట్టంలోకి సన్న కమ్మీ దించి కెలికి, మళ్ళీ అతుకు పెట్టి ఇచ్చేవాళ్ళం. ఇప్పటివి అల్యూమినియం, పైన ప్లాస్టిక్ ట్యాంకు. పూడుకుపోతే కెలకడానికి లేదు, కొత్తది కొనాల్సిందే. ఆర్వో క్యాన్ నీళ్ళు పోస్తే చాలదా అంటావేమో. అందులోనూ లవణాలు కొంత మిగిలే ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. అదే అడుగు, యాసిడ్ డబ్బా తెచ్చుకునేవు!

కూలెంట్‌ను రంగు చూసి కొనొద్దు. పచ్చది, ఎర్రది, నీలం, గులాబీ అంతా కంపెనీవాళ్ళ ఇష్టం, రంగుకు ఒక లెక్కంటూ లేదు. లోపల తుప్పు పట్టకుండా వేసే మందును బట్టి రకాలు. పాతకాలం రకం రెండేళ్ళకో, 40,000 కిలోమీటర్లకో మార్చాలి. సేంద్రియ ఆమ్లాల మందు వేసిన ఓఏటీ అనే కొత్త రకం ఐదేళ్ళదాకా వస్తుంది. జపాన్, కొరియా కంపెనీలు ఎక్కువగా ఫాస్ఫేట్ ఉన్నది, సిలికేట్ లేనిది వాడతాయి. యూరప్ కంపెనీలు ఫాస్ఫేట్ వద్దంటాయి, అక్కడి నీళ్ళలోనూ సున్నమే మరి, దానితో ఫాస్ఫేట్ కలిస్తే మడ్డి కడుతుంది. నీ బండికి ఏది సరిపోతుందో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పేరే షాపులో చూపించు. "అన్నీ ఒకటే మేడమ్" అన్నవాడి దగ్గర కొనకు. పడని రకాలు రెండు కలిస్తే తుప్పు మందు పనిచేయదు, ఒక్కోసారి జిగురుగా కూడా మారుతుంది.

లోపల ఏముందో తెలియని బండికి టాపప్ దండగ. అంతా దింపేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, కొత్తది నింపించు. చిన్న కార్లకు సుమారు 4 నుంచి 6 లీటర్లు పడుతుంది. డబ్బా మీద రెడీ మిక్స్ అని ఉంటే అలాగే పోయాలి. కాన్సంట్రేట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోకు, కలపని కూలెంట్ వేడిని నీళ్ళంత బాగా లాగలేదు. నింపాక గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపించి, మట్టం తగ్గితే మళ్ళీ పోయాలి. మెకానిక్ తొందరపడితే నువ్వు తొందరపడకు, పక్కనే నిలబడు.

మీ నాన్న కుడి ముంజేతి మీద మచ్చ ఉంది కదా. పెళ్ళిలో పాయసం గిన్నె ఒలికిందని నీకు చెప్పి ఉంటాడు. అబద్ధం. నువ్వింకా పుట్టలేదు. రాయచోటిలో ఒక సంబంధం చూడటానికి అంబాసిడర్‌లో కిక్కిరిసి బయల్దేరాం. అది మీ నాన్న అపురూపంగా చూసుకునే బండి. రోజూ కడిగేవాడు, రోజూ రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసేవాడు. నేను అప్పుడే పని నేర్చుకుంటున్నా. "బావా, ఒకసారి విప్పి చూద్దాం" అంటే "నా బండి నాకు తెలీదా" అన్నాడు. గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆపాడు. కాసేపు ఆగుదామంటే వినలేదు, ముహూర్తం దాటిపోతుందని తొందర. తువ్వాలు చేతికి చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు.

రేడియేటర్ అచ్చం ప్రెషర్ కుక్కరే. నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. సగానికి సగం కలిపిన కూలెంట్ 107 దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉంటే ప్రెషర్ వల్ల ఇంకా పైకి, 120 దాటినా మరగకుండా ఆగుతుంది. మూత తీశావో, ఆ ప్రెషర్ ఒక్కసారిగా పోయి లోపలిదంతా ఆవిరై ఎగజిమ్ముతుంది. తువ్వాలు ఏం ఆపుతుంది? చెయ్యి, ఛాతీ బొబ్బలెక్కాయి. ఆయన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. రోడ్డు పక్క కోవా అంగడి ఆమె పరుగెత్తుకొచ్చి, ఎవరో టూత్‌పేస్ట్ పూయబోతే కసిరి, కుండలోని నీళ్ళు చాలాసేపు ఆ చేతి మీద పోస్తూనే ఉంది. ఆమె పుణ్యాన చెయ్యి దక్కింది. ఈలోపు ఇంకో పెద్దమనిషి సాయం చేస్తానని బిందెడు చన్నీళ్ళు తెచ్చి కాలుతున్న ఇంజన్‌లో పోశాడు. టక్కున శబ్దం వచ్చి హెడ్ పగిలింది. సంబంధమూ కుదరలేదనుకో, ఆ అబ్బాయి మనకు తగినవాడు కాదులే.

ఇప్పుడు అదే ఘాట్‌లో మీ నాన్న నీ పక్క సీట్లో కూర్చోబోతున్నాడు. బండి వేడెక్కితే "మూత తియ్యి, నీళ్ళు పొయ్యి" అనేది ఆయనే. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ మనిషి తీరు మారదు. ఆయన మాట వినొద్దు, నా మాటగా చెప్పు. స్టీరింగ్ ముందు ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకి పాకుతుంటే ముందు ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి అద్దాలు దించు. చెమటలు పడతాయి కానీ ఇంజన్ వేడి కొంత బయటికి పోతుంది. ఎర్ర లైటు వెలిగితే పక్కకు తీసి ఆపేయ్. రేడియేటర్ పైన ఉండే లావు గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా, గంట పట్టినా సరే, మూత జోలికి పోవద్దు. కొన్ని కార్లలో మూత డబ్బా మీదే ఉంటుంది, అప్పుడు ఆ డబ్బాలోనూ ప్రెషర్ ఉంటుంది. చల్లారాక వేరే దిక్కు లేకపోతే మామూలు నీళ్ళు పోసుకుని ఊరు చేరు, తర్వాత అదంతా దింపించు. ఇంకొకటి. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ ఉత్త గాలిలో ఉండి ముల్లు మామూలుగానే చూపించవచ్చు. బండిలోకి తియ్యటి వాసన వచ్చినా, కింద తడి కనిపించినా ముల్లును నమ్మకు.

దింపిన పాత కూలెంట్‌ను వీధిలో పారబోయనీయకు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. అది విషం, కిడ్నీలు పోతాయి. మిగిలిన డబ్బా మీ పక్కింటి బుడ్డోడికి అందకుండా అటక మీద పెట్టు.

ఆదివారం పొద్దున బండి తీయకముందే బానెట్ ఎత్తి నాకు వీడియో కాల్ చెయ్యి. మచ్చ సంగతి నేను చెప్పానని మాత్రం మీ నాన్నతో అనకు.

మీ మామ