ఆ కొండ మీద నుంచి ఏం కనిపిస్తుంది?

అమ్మా, ఆశీస్సులు.

నీ నవల మొదటి అధ్యాయమూ, దాంతో పంపిన మ్యాపులూ చూశాను. అధ్యాయం బాగుంది. ఈ ఉత్తరం మ్యాపుల గురించే.

ఊహాలోకాల మ్యాపులు గీసిపెట్టే అజ్గార్ ఫ్యాంటసీ మ్యాప్ జనరేటర్ అనే ప్రోగ్రాంలో 'కొత్త మ్యాప్' నొక్కితే క్షణాల్లో ఓ ఖండం వచ్చేస్తుంది. నచ్చకపోతే ఇంకోటి. కథకు ఏ కొండ అడ్డొచ్చినా నువ్వు మ్యాపునే మార్చేస్తున్నావు. అడ్డొచ్చే ఆ కొండే నీకు కావాలి. ఒక్క మ్యాపు ఎంచుకుని సేవ్ చేసుకో, దాని సీడ్ నంబరు, అంటే అదే మ్యాపును మళ్లీ పుట్టించే అంకె, రాసిపెట్టుకో. ఇక ఆ నేలను బట్టి కథ నడవాలి.

ఆ ప్రోగ్రాం ఊరికే రంగులు పూయదు. అక్షాంశం, ఎత్తు చూసి ఉష్ణోగ్రత లెక్కకడుతుంది. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి వానలు పంచుతుంది. పడమటి కనుమలకు ఇవతల ఉన్న అనంతపురానికి వానలెందుకు తక్కువో నీకు తెలుసు కదా, అదే లెక్క. నీ మ్యాపులో కొండల వెనక రాజ్యం ఎండిపోయి ఉంటే దాన్ని పచ్చగా దిద్దకు. అక్కడివాళ్లు నీళ్ల కోసం ఎవరితో తగువు పడతారో ఆలోచించు.

నీళ్ల సంగతి ఇంకాస్త చెప్పాలి. 1980లో, బోయింగ్‌లో పనిచేస్తున్న రోజుల్లో, లోరెన్ కార్పెంటర్ అనే గ్రాఫిక్స్ నిపుణుడు కంప్యూటర్‌తో కొండలు పుట్టించి చూపించాడు. త్రిభుజాలను ముక్కలు చేస్తూ, ప్రతిసారీ ఎత్తును కాస్త అటూ ఇటూ కదపడమే అందులో కిటుకు. చూడ్డానికి నిజం కొండల్లాగే ఉంటాయి. కానీ అలా పుట్టిన నేలను తలకిందులు చేసినా పెద్ద తేడా తెలియదు, ఎందుకంటే దాని మీద వాన పడలేదు. నిజమైన లోయను నీళ్లు కోస్తాయి. అందుకే విల్బర్ అనే ఉచిత ప్రోగ్రాం కూడా నేర్చుకో. గుంటలు పూడ్చి, నీటి దారులు కోసి, కోత పెట్టి చూపిస్తుంది. వాగులు కలిసి నదులై పల్లానికి పోతాయి. నువ్వు గీసినట్టు ఒక నది నడి మైదానంలో రెండుగా చీలి రెండు సముద్రాల్లో కలవడం చాలా చాలా అరుదు.

తర్వాత ఆ నేల ఎత్తుల బొమ్మను, అంటే ఎత్తైన చోటు తెల్లగా, పల్లం నల్లగా ఉండే బొమ్మను, బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలోకి తీసుకెళ్లు. 16 బిట్లలో సేవ్ చెయ్యడం మర్చిపోకు. 8 బిట్లయితే ఎత్తుకు 256 మెట్లే ఉంటాయి. 2,560 మీటర్ల కొండకు ఒక్కో మెట్టు 10 మీటర్లన్నమాట, వాలంతా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. కెమెరాను ఆకాశంలో పెట్టకు. నీ కథానాయిక కళ్ల ఎత్తుకు, నేల నుంచి మీటరున్నరకు దించు. కోట బురుజు మీద నిలబెట్టు. వాగు దాటించు. శత్రుసైన్యం వస్తున్నట్టు ఆమెకు ముందే తెలుస్తుందని మూడో పేజీలో రాశావు. మధ్యలో గుట్ట ఉంటే ఎలా తెలుస్తుంది? గుట్ట లేకపోయినా, చదును నేల మీద నిలబడ్డవాళ్లకు దిగంతం ఐదు కిలోమీటర్ల లోపే. బ్లెండర్‌లో నేల వంపు తిరగదు కాబట్టి ఆ లెక్క నువ్వే గుర్తుంచుకోవాలి. బురుజు ఎక్కితే చూపు ఎంత దూరం పోతుందో చూడు, కాపలావాడు ఎక్కడుండాలో నీకే తెలుస్తుంది.

ఊళ్ల పేర్లు మాత్రం యంత్రానికి వదలకు, నువ్వే పెట్టు. పుస్తకంలో అచ్చు వేసే బొమ్మకు అనుమతి కూడా చూసుకో. అజ్గార్, బ్లెండర్ రెండూ ఓపెన్ సోర్స్, వాటితో చేసిన బొమ్మలు అమ్మే పుస్తకంలో వేసుకోవచ్చు. టెర్రాజెన్ అనే ఇంకో ప్రోగ్రాంలో ఆకాశాలు ఎంతో అందంగా ఉంటాయి గానీ, దాని ఉచిత వెర్షన్ వ్యాపారేతర వాడకానికే.

మూడో పేజీ తిరగరాశాక పంపు. బురుజు మీద నుంచి తీసిన బొమ్మ కూడా జత చెయ్యి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.