తాతగారి తుపాకీ, కొబ్బరి నూనె, అడవి పందులు

పోయిన నెల తుపాకీ శుభ్రం చేయడం గురించి ఇక్కడ నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగం మంది తమ ఇంట్లో ఉన్న పాత తుపాకీ గురించి అడిగారు, మిగతా సగం మంది నా గురించి అడిగారు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు: నేను నలభై ఏళ్లుగా గాల్లోకి ఎగరేసే బిళ్లల్ని పన్నెండు బోరు తుపాకీతో కొడుతున్నవాణ్ణి, ఉద్యోగం అయిపోయాక నిజామాబాద్ జిల్లాలో రెండెకరాల మక్క చేను పక్కన ఇల్లు కట్టుకుని ఉంటున్నాను. లాయర్ని కాను. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మా తాతగారు పోయి ఆరేళ్లయింది. ఆయన జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ అటక మీద ట్రంకు పెట్టెలోనే ఉంది. గొట్టాల మీద పాము చర్మంలా మెలికల డిజైను ఉంది, బర్మింగ్‌హామ్ అని చెక్కి ఉంది. దీపావళికి ఓసారి కాల్చి చూడొచ్చా? (పేరు రాయొద్దన్న పాఠకుడు, జగిత్యాల)

కాల్చొద్దు. అసలు ఆ పెట్టె జోలికే పోకుండా ముందు కాగితాల సంగతి చూడండి, ఎందుకంటే లైసెన్సుదారు చనిపోయాక ఆ తుపాకీ ఇంట్లో ఉంచుకునే హక్కు ఇంట్లో ఎవరికీ ఉండదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గరలోని పోలీస్ స్టేషన్లో గాని లైసెన్సున్న డీలరు దగ్గర గాని అప్పగించాలి. ఆరేళ్లు ఊరుకున్నారు కాబట్టి ఇప్పుడు బైకు మీద పెట్టుకుని స్టేషన్‌కు బయల్దేరకండి, దారిలో ఎవరైనా ఆపితే అది వేరే కేసు అవుతుంది. తాతగారి మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం పట్టుకుని, తుపాకీ లేకుండా, వీలైతే ఒక వకీలును వెంటబెట్టుకుని వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి. మీకు నిజంగా ఆ తుపాకీ కావాలనుంటే వారసుడి హోదాలో లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 ఆయుధాల నిబంధనల్లో దీనికి దారి ఉంది. బతికుండగానే ఇవ్వాలనుకునే పెద్దలకు కూడా ఉంది: లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన చేతిలో ఇరవై ఐదేళ్లు ఉన్నా వారసుడు అడగొచ్చు. తాతలున్న ఇళ్లవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి, ఆరేళ్ల టెన్షన్ తప్పుతుంది.

ఇప్పుడు ఆ పాము చర్మం డిజైను గురించి. అది పైన చెక్కింది కాదు. ఇనుము, ఉక్కు బద్దల్ని కలిపి మెలితిప్పి, ఒక కడ్డీ చుట్టూ తాడులా చుట్టి, కొలిమిలో కాల్చి సమ్మెటతో కొట్టి అతికిస్తే వచ్చిన గొట్టం. డమాస్కస్ గొట్టం అంటారు. చూడ్డానికి దాన్ని మించింది లేదు, కానీ అది నల్ల మందు కాలానికి చేసింది. ఇప్పటి తూటాల్లో ఉండేది పొగరాని మందు. ఆ అతుకుల్లో ఎక్కడో వందేళ్ల తుప్పు లోపల్లోపలే తిని ఉంటే గొట్టం సరిగ్గా మీ ఎడమ చెయ్యి ఉన్నచోట విచ్చుకుంటుంది. గొట్టాలు విప్పి కింది భాగం చూస్తే ప్రూఫ్ ముద్రలు కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచీ ప్రూఫ్ హౌస్ ఉంది, అక్కడ ఎక్కువ మందుతో కాల్చి పరీక్షించి ముద్ర కొట్టేవాళ్లు. నైట్రో ప్రూఫ్, అంటే పొగరాని మందుకు పరీక్షించారన్న ముద్ర లేకపోతే ఇక ఆలోచించే పనే లేదు, గోడకు అందం. ఉన్నా సరే, అది కొట్టిన రోజు సంగతే చెబుతుంది, ఆ తర్వాత ఎవరు ఎంత గీకారో ఎంత పాలిష్ పెట్టారో చెప్పదు.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామంది పాత షూటర్లకే తెలియదు. ఆ కాలపు పన్నెండు బోరు తుపాకుల్లో తూటా కూర్చునే గదులు ఎక్కువగా రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికేవి చాలావరకు 70 మిల్లీమీటర్ల తూటాలు. పెడితే పడుతుంది, మూత కూడా పడుతుంది, అదే మోసం. తూటా మీద రాసిన పొడవు కాల్చాక మూతి విచ్చుకున్న పొడవు. ఆ విచ్చుకునే మూతికి లోపల చోటు చాలదు, గుళ్లు ఇరుకులోంచి దూరాలి, ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకే పాత తుపాకీని మంచి గన్‌స్మిత్ గేజి పెట్టి కొలిచేదాకా నమ్మొద్దు.

డమాస్కస్ అన్న పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. అసలు డమాస్కస్ కత్తుల పేరు ప్రపంచమంతా మోగింది కదా, ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చిన ఊళ్లలో ఒకటి మా జిల్లాలోని కోనసముద్రం. ఊట్జ్ అనే ఇంగ్లిషు పేరు మన ఉక్కు మాట నుంచే పుట్టిందంటారు. తుపాకీ గొట్టాలది మట్టి మూసలో కరిగించి తీసిన ఆ ఉక్కు కాదు, ఆ చారల్ని చూసి పెట్టుకున్న పేరు మాత్రమే. అయినా మా ఇంటికొచ్చిన వాళ్లెవరైనా డమాస్కస్ అంటే నేను కోనసముద్రం కథ చెప్పకుండా వదలను, మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ప్రశ్న: మీ దగ్గర ఎన్ని తుపాకులున్నాయి? అమెరికాలో మా అన్నయ్య స్నేహితుడి దగ్గర ఇరవై ఉన్నాయట. (పాఠకుడు, ఖమ్మం)

రెండు. అమెరికాలో ఉన్నవాళ్లతో పోటీ పెట్టుకుంటే మన పని అయినట్టే. ఇక్కడ మామూలు లైసెన్సుదారుకు 2019 డిసెంబరు దాకా మూడు ఉండొచ్చు, చట్టం సవరించాక రెండే. మూడోది వదులుకోడానికి ఏడాది గడువిచ్చారు. పోటీల్లో ఉన్న షూటర్లకు విడిగా మినహాయింపులున్నాయి, నేను అప్పటికే పోటీలు మానేశాను. నా మూడోది నాన్నగారి .315 రైఫిలు, బెంగాల్లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీది. బ్రిటిషువాళ్లు సైన్యం వాడే .303ని మనవాళ్ల చేతికి ఇవ్వకూడదనుకుని పక్కన పెట్టేస్తే, దేశంలో ఆ లోటు పూడ్చింది ఈ .315. మొరటు తుపాకీ, ముక్కుసూటి మనిషిలాంటిది, భుజం మీద గుద్దుతుంది. దాన్ని డీలరు కౌంటరు మీద పెట్టి వచ్చిన రోజు అన్నం సయించలేదు.

అందుకని ఇప్పుడు సేకరణ వేరే దారి పట్టింది. టేకు కడ్డీలకు ఇత్తడి మూతులున్న పాత క్లీనింగు రాడ్లు, తోలు తూటా పట్టీలు, పాత ఆయుధ దుకాణాల బిల్లులు, కాల్చేసిన కాగితపు తూటాల డొప్పలు, నిజాం కాలపు ఉర్దూ లైసెన్సు కాగితం ఒకటి. ఇత్తడి రాడ్డు మొన్న నిర్మల్‌లో పాత సామాను కొట్టులో కర్టెన్ కడ్డీల మధ్య దొరికింది, కొట్టువాడికి అదేంటో తెలియదు, నేనూ చెప్పలేదు. వీటికి ఏ కలెక్టరు గారి సంతకమూ అక్కర్లేదు. పెళ్లాం సంతకం చాలు.

ప్రశ్న: వానాకాలంలో తుప్పు పట్టకుండా మా నాన్న తుపాకీకి కొబ్బరి నూనె రాస్తారు. సరైనదేనా? (పాఠకురాలు, అమలాపురం)

కోనసీమ నుంచి ఈ ప్రశ్న రావడం న్యాయమే. కానీ వద్దమ్మా. తలకు మంచిదే గాని, నాలుగు నెలలకు అది కమురు వాసనొచ్చి, జిగురై, తూటాను పేల్చే గుర్రాన్నీ స్ప్రింగునీ పట్టేస్తుంది. కిరసనాయిలుతో తుడిచి వదిలేసేవాళ్లూ ఉన్నారు, అది మురికి వదిలిస్తుంది, ఆరాక ఇనుము ఒట్టి ఒంటితో మిగులుతుంది. డబ్బాలోంచి కొట్టే డబ్ల్యూడీ-40 కూడా అంతే, తడి తరమడానికి బాగుంటుంది, ఆర్నెల్ల కాపలాకు పనికిరాదు. తుపాకీ నూనె దొరక్కపోతే పలచటి కుట్టుమిషను నూనె వాడండి, అదీ రెండు మూడు చుక్కలే, గుడ్డకు రాసి ఆ గుడ్డతో తుడవాలి. కారేలా పోస్తే ఆ నూనె జారిజారి భుజానికి ఆనించే మడమ చెక్కలోకి ఇంకుతుంది, చెక్క నల్లబడి మెత్తబడుతుంది. నూనె రాసిన మొదటి రెండు మూడు రోజులు తుపాకీని మూతి కిందికి పెట్టి నిలబెట్టమనేది అందుకే. చెక్కకు వేరే, అవిసె నూనె, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దాలి, ఏడాదికోసారి చాలు.

అన్నిటికన్నా పెద్ద తప్పు అందమైన తోలు సంచీలో దాచడం. తోలు, క్యాన్వాసు తేమను పీల్చి పట్టి ఉంచుతాయి, గోదావరి గాలికి చెప్పేదేముంది, నెలలో సంచీ కుట్టు గుర్తులు గొట్టం మీద ఎర్రగా అచ్చు పడతాయి. సంచీ ప్రయాణానికి. ఇంట్లో తాళం ఉన్న ఇనుప బీరువా, సిలికా జెల్ పొట్లాలు, తూటాలు ఇంకో తాళం కింద. జెల్ పొట్లాలు రంగు మారగానే ఆరబెట్టాలి. ఎవరైనా చేత్తో పట్టుకుని చూస్తే బీరువాలో పెట్టేముందు మళ్లీ తుడవాలి, వేలిముద్రల చెమట ఉప్పు చాలు తుప్పుకు. మా మనవడు నా గొట్టం మీద పెట్టిన బొటనవేలు ఇప్పటికీ ఉంది, వాడిప్పుడు ఇంజినీరింగ్.

నాటు తుపాకీ ఉన్నవాళ్లు ఇద్దరు అడిగారు, వాళ్లకు ఇక్కడే చెప్పేస్తాను. నల్ల మందు మిగిల్చే మసి నూనెకు లొంగదు, నీళ్లకు లొంగుతుంది. కాల్చిన రోజే సలసల కాగే నీళ్లు పోసి కడగండి. వేడికి గొట్టం తనంతట తనే ఆరుతుంది, ఆ వెచ్చదనం ఉండగానే నూనె గుడ్డ తొయ్యండి. మర్నాటికి వాయిదా వేస్తే గోవిందా. ఇవన్నీ మొదలుపెట్టే ముందు గొట్టంలో ఏమీ లేదని కళ్లతో ఒకసారి, వేలితోనో కడ్డీతోనో ఒకసారి చూసుకోండి. నలభై ఏళ్లుగా నేను రెండుసార్లే చూస్తున్నాను, ఎప్పుడూ ఖాళీగానే ఉంది, అయినా చూస్తాను.

ప్రశ్న: మావారు రిటైరై ఊళ్లో చేను కొన్నారు. మీ వ్యాసాలు చదివి, అడవి పందులకీ పాములకీ తుపాకీ లైసెన్సు తీసుకుంటానంటున్నారు. మీరే చెప్పండి. (పాఠకురాలు, కరీంనగర్)

చెబుతాను, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. సార్, పాముకు తుపాకీ ఏమిటి? టార్చిలైటు, గంబూట్లు, ఇంటి చుట్టూ గడ్డి కోయించడం, పాములు పట్టేవాళ్ల నంబరు. నా గడపలోకి నాలుగేళ్లలో ఏడు వచ్చాయి, అందులో రెండు రక్తపింజర్లు, ఒక్కదానికీ బీరువా తాళం తియ్యలేదు.

పందుల బాధ నిజం. పోయినేడు పాలకంకి మీదున్న మక్క చేను ఒక్క రాత్రిలో అర ఎకరం పడుకోబెట్టాయి, పొద్దున్నే చూస్తే రోలరు తిప్పినట్టుంది. తుపాకీ అప్పుడు ఇంట్లోనే ఉంది, నేను ముట్టుకోలేదు. లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువుని కాల్చే హక్కు రాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పంట నష్టం చేసే పందుల్ని చంపాలంటే ఆ చట్టం కింద అధికారం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా అనుమతివ్వాలి, కాల్చాల్సింది కూడా జాబితాలో ఉన్న షూటర్లే. ఇది ఒట్టి చట్టం మాట కాదు. రాత్రిపూట చేలో ఎవరు మంచె మీద పడుకున్నారో, ఎవరు మోటారు వెయ్యడానికి లేచారో మీకు తెలియదు. పెద్ద జంతువులకు వాడే ఎల్‌జీ తూటాలోని గుళ్లు పంది దగ్గర ఆగిపోవు. మా వైపు సోలారు కంచె వేసుకున్నవాళ్లు కాస్త నయం, అది ఝాడించి వదులుతుంది, చంపదు. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరసలు వేసినవాళ్లకీ ఫలితం కనిపించింది. కరెంటు తీగ మాత్రం ఎవరెంత చెప్పినా కట్టకండి, దానికి పందుల కన్నా ముందు పక్క చేను మనుషులు చచ్చిపోతున్నారు.

పల్లెలో ఉండటం అంటే తుపాకీ భుజాన వేసుకుని గట్ల మీద తిరగడమని ఆయన ఊహించుకుంటున్నట్టున్నారు. నా రోజు చెబుతాను: అయిదింటికి మోటారు, ఆరింటికి పాలు, పదింటికి కరెంటు పోతుంది. తుపాకీ బీరువాలోంచి బయటికొచ్చేది నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం వరండాలో పాత పంచె పరుచుకుని తుడవడానికి. కాల్చాలనిపిస్తే షూటింగ్ రేంజికి వెళ్లే స్నేహితుడి కారు కోసం ఎదురుచూస్తాను.

ప్రశ్న: నాకు పద్నాలుగేళ్లు. షూటింగ్ నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో భయపడుతున్నారు. (విద్యార్థిని, హైదరాబాద్)

మీ ఊళ్లో ఉన్నంత వసతి రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు తల్లీ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో కంచు తెచ్చిన గగన్ నారంగ్, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు పట్టుకొచ్చిన ఈషా సింగ్, ఇద్దరూ మీ నగరంవాళ్లే. మొదలుపెట్టాల్సింది ఎయిర్ రైఫిల్ గాని ఎయిర్ పిస్టల్ గాని. .177 బోరు దాటకుండా, 20 జూల్స్ శక్తికి మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. కొనొద్దు, ముందు కోచ్ దగ్గర అద్దె తుపాకీతో మూడు నెలలు చెయ్యి. మొదటి నెలంతా నిలబడటం, ఊపిరి పట్టడం, గుండు లేకుండా ట్రిగ్గరు నొక్కడమే ఉంటుంది. విసుగు రాకపోతే నువ్వు షూటర్‌వి. అమ్మానాన్నల్ని ఒకరోజు రేంజికి తీసుకెళ్లు, అక్కడుండే నిశ్శబ్దం చూస్తే వాళ్ల భయం సగం పోతుంది.

ప్రశ్న: మా అన్న పెళ్లి బరాత్‌లో మామయ్య లైసెన్సు తుపాకీతో గాల్లోకి కాలుస్తానంటున్నాడు. (పాఠకుడు, హైదరాబాద్ పాతబస్తీ)

పైకెళ్లిన గుండు కిందికొస్తుంది. దీనికి 2019 సవరణలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పటాకులు కొనివ్వండి.

ప్రశ్న: ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించిన తుపాకీ తుప్పు పట్టి తిరిగొచ్చింది. ఏం చెయ్యాలి? (పాఠకుడు, కడప)

నాకూ అయింది ఇది. మూడు నెలలు ఒక గదిలో, గోడకు ఆనించి, పక్కన ఇంకో ముప్పై తుపాకులతో. స్టేషన్ పేరు చెప్పను, వాళ్ల తప్పూ పూర్తిగా కాదు, తుపాకీ తుడవడం వాళ్ల డ్యూటీలో లేదు. పైపై ఎర్ర తుప్పయితే నూనెలో తడిపిన సన్నటి స్టీల్ ఊలుతో మెల్లగా రుద్దండి, గొట్టం మీది నీలం రంగు పూత పోకుండా. గుంటలు పడితే, ముఖ్యంగా గొట్టం లోపల, మీరు చెయ్యి పెట్టకండి, గన్‌స్మిత్‌కు చూపించండి.

వచ్చే ఎన్నికలకు మాత్రం ముందే సిద్ధపడండి. నోటీసు రాగానే గొట్టం లోపలా బయటా పలచగా గ్రీజు పట్టించి, నూనె కాగితంలో చుట్టి, దాని మీద పాత నూలు గుడ్డ కట్టి ఇవ్వండి. నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. "లోపల గ్రీజు ఉంది, తుడవకుండా కాల్చరాదు" అని చీటీ కట్టండి, ఇంటికొచ్చాక అది మీకే పనికొస్తుంది. రసీదు ఇచ్చాక జేబులో పెట్టుకుని వచ్చెయ్యకండి, తుపాకీ నంబరు సరిగ్గా వేశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. నాది ఒక అంకె తప్పు పడితే, ఆ ఏడును ఒకటిగా దిద్దించుకోడానికి నాలుగుసార్లు తిరిగాను.