‘రన్ ది గాంట్లెట్’కూ చేతి తొడుగుకూ ఏమిటి సంబంధం?

గాంట్లెట్ అంటే ఇనుప చేతి తొడుగు కదా, మరి ‘రన్ ది గాంట్లెట్’ అంటే అన్ని వైపులా దెబ్బలు కాచుకుంటూ గట్టెక్కడం ఎలా అయిందని మీ ప్రశ్న. తొడుగుకూ దీనికీ సంబంధమే లేదు. స్వీడిష్‌లో ‘గాటా’ అంటే వీధి, ‘లోప్’ అంటే పరుగు. రెండూ కలిసిన ‘గాట్‌లోప్’ 17వ శతాబ్దపు సైనిక శిక్ష. సైనికులు బెత్తాలు పట్టుకుని రెండు వరుసల్లో ఎదురెదురుగా నిలబడేవారు. దోషిని చొక్కా విప్పించి మధ్యలోంచి నడిపిస్తూ, ఇరువైపులా బాదేవారు. పరుగన్నది పేరుకే! కొన్ని సైన్యాల్లో, అతను వడిగా దాటిపోకుండా ఒకరు రొమ్ముకు కత్తిమొన గురిపెట్టి ముందు నడిచేవారు. ఇంగ్లీషువారి నోట అది ‘గాంట్‌లోప్’ అయింది. తర్వాత అప్పటికే నోటికి అలవాటైన ‘గాంట్లెట్’లో కలిసిపోయింది. ఇప్పుడు విలేకరుల ప్రశ్నలు దాటుకుని కారెక్కే మంత్రికీ ఇదే మాట.