అడగండి, చెప్తా: మంగోలు సరిహద్దులో హుకుం ఎవరిది?

ప్రశ్న: 1939లో మంచూరియా, మంగోలియా సరిహద్దులోని నోమోన్‌హాన్ దగ్గర రష్యన్ల చేతిలో దెబ్బతిన్న జపాన్ సైన్యం, చైనాలోని లోపలి మంగోలియాను ఏలిన జపాన్ సైన్యం ఒకటేనా సార్?
— డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: కాదు తమ్ముడూ. నోమోన్‌హాన్‌లో తలపడ్డది మంచూరియాలోని, అంటే అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న ఈశాన్య చైనాలోని, క్వాంటుంగ్ సైన్యం. లోపలి మంగోలియాలో ఉన్నది చూమోగున్, అంటే మంగోలియా కాపలా సైన్యం, అనే వేరే సైన్యం. దాని ముఖ్య స్థావరం జాంగ్‌జియాకౌ. పాత పటాల్లో కాల్గన్ అని వెతుకు.

చుట్టరికం మాత్రం ఉంది. 1937 ఆగస్టులో ఆ ఊరిని పట్టుకున్నది క్వాంటుంగ్ వాళ్లే. దండును నడిపించింది తోజో హిడెకి, తర్వాత ప్రధాని అయినాయనే. డిసెంబరులో టోక్యో అక్కడ వేరే దండును నిలిపి హసునుమా షిగేరుకు అప్పజెప్పింది. 1938 జులైలో దాన్ని సైన్యం హోదాకు పెంచి, బీజింగ్‌లోని ఉత్తర చైనా ప్రాంత సైన్యం కింద పెట్టింది. సైనిక హుకుం ఆ దారిన వచ్చేది.

1939 సెప్టెంబరులో మెంగ్జియాంగ్ అని ప్రభుత్వం కూడా పెట్టారు. గద్దె మీద మంగోలు యువరాజు దె వాంగ్. ముఖ్య సలహాదారు కనాయ్ షోజి, మంచూరియా నుంచి వచ్చినాయన. నిజాం జమానాలో కోఠీలో కూర్చున్న బ్రిటిష్ రెసిడెంటు సంగతి మీ తాతనడుగు, అసలు హుకుం ఎవరిదో అర్థమైతది. పైగా అక్కడి జనంలో ఎక్కువమంది మంగోలులు కారు, చైనీయులు!

ఇంతకీ కాపలా దేనికి? బీజింగ్ నుంచి పడమరకు పోయే రైలు పట్టాల వెంట పటం మీద వేలు పెట్టి చూడు. జాంగ్‌జియాకౌలో 2వ స్వతంత్ర మిశ్రమ బ్రిగేడ్, బొగ్గు గనులున్న దాతోంగ్‌లో 26వ డివిజన్, అప్పట్లో పట్టాలు ఆగిపోయే బావోతౌలో గుర్రపు దళం. స్టెప్పీ (గడ్డి మైదానం) పేరు చెప్పి బొగ్గు, రైలు కాచారనే నా లెక్క. ఆ బ్రిగేడ్ అధిపతి అబే నోరిహిదె 1939 నవంబరులో హువాంగ్‌తులింగ్ దగ్గర మోర్టారు గుండుకు చనిపోయాడు, లెఫ్టినెంట్ జనరల్ హోదాలో. గుర్రపు దళం 1942లో 3వ ట్యాంకు డివిజన్‌గా మారింది. 1944లో ట్యాంకులు హెనాన్ యుద్ధానికి, 26వ డివిజన్ ఫిలిప్పీన్స్‌కు పోయాయి. అక్కడ మిగిలింది బలహీనమైన దండే.

ప్రశ్న: 1945 ఆగస్టు 15 తర్వాత కూడా లోపలి మంగోలియాలో కాల్పులు జరిగాయట, నిజమేనా?
— వనపర్తి పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా. ఆ రోజు లొంగిపోతున్నామని జపాన్ చక్రవర్తి మాట రేడియోలో వచ్చినా, అక్కడి సైన్యం అధిపతి నెమోతో హిరోషి ఆయుధాలు దించొద్దన్నాడు. గోబీ దాటొచ్చిన సోవియట్, మంగోలు దళాలను జాంగ్‌జియాకౌకు ఉత్తరాన ఆపుతూ, సుమారు 40,000 మంది జపాన్ పౌరుల్ని రైళ్లెక్కించి పంపాడు. ఆక్రమించిన నేల మీద వీరగాథ రాయడానికి నాకు చెయ్యి రాదు గాని, అదే నెలలో మంచూరియాలో క్వాంటుంగ్ అధికారుల కుటుంబాలు ముందు రైళ్లలో వెళ్లిపోయాయి. పొలాల మీది జపాన్ రైతులు, వాళ్ల పిల్లాజెల్లా వెనకే ఉండిపోయారు.