లేటెక్స్‌ని తెలుగులో ఏమనాలి?

సందేహం: మాది సోంపేట, ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. కొందరికి లేటెక్స్ గ్లవ్స్ పడవు. ఆ మాట పేషెంట్లకి తెలుగులో ఎలా చెప్పాలి? మా అబ్బాయేమో కాలేజీ రిపోర్టు "లేటెక్"లో చేస్తున్నానంటాడు. రెండూ ఒకటేనా?

సమాధానం: మీ ఉద్దానంలో పనసకాయ కోసేముందు చేతికీ కత్తికీ నూనె రాసుకుంటారు కదమ్మా, కోసిన చోట తెల్లగా బొట్లు బొట్లుగా ఊరి వేళ్ళని అంటించేసే ఆ పాలే లేటెక్స్. మనవాళ్ళు చెట్టు పేరు ముందు పెట్టి జిల్లేడు పాలు, మర్రి పాలు, బొప్పాయి పాలు అంటారు, అలాగే రబ్బరు పాలు. ఇంతకన్నా మంచి మాట కొత్తగా పుట్టించక్కర్లేదు. పేషెంటుని "ఇవి రబ్బరుచెట్టు పాలతో చేసిన గ్లవ్స్, ఎప్పుడైనా బెలూన్ ఊదితే పెదాలు దురదపెట్టాయా?" అని అడగండి. ఒట్టి "రబ్బరు" అంటే సరిపోదు, ఎందుకంటే పడనివి ఆ పాలలోని ప్రోటీన్లు, చూడ్డానికి రబ్బరులాగే ఉన్నా నైట్రైల్ గ్లవ్స్‌లో ఆ పాలు ఉండవు.

ఒక్క జాగ్రత్త. పాలు కూడా నీళ్ళలాగే ఎప్పుడూ బహువచనమే. అనువాదాల్లో "రబ్బరు పాలు కారుతుంది" అని కనబడితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది, "కారుతున్నాయి" అనాలి.

అలాగని పాలన్నీ లేటెక్స్ కావు. వరికంకి పాలుపోసుకుంది అంటాం, కొబ్బరిపాలు తీస్తాం, వాటికీ దీనికీ సంబంధం లేదు. చెట్టు నుంచి కారేదల్లా పాలూ కాదు: తుమ్మది బంక, మామిడికాయది సొన. పలాసలో జీడిపిక్కలు వలిచేవాళ్ళ చేతులు నల్లబడిపోయేది పెంకులోని నూనె వల్ల. ఇన్ని తేడాలు మన మాటల్లోనే ఉన్నాయి, అన్నిటినీ "జిగురు" అనేసి ఊరుకోకూడదు. ఆయుర్వేదంలో మర్రి, రావి, మేడి లాంటివాటిని క్షీరవృక్షాలన్నారు, పుస్తకంలో అది బాగానే ఉంటుంది, వార్డులో మాత్రం పాలే నయం.

మీ అబ్బాయిది వేరే మాట. మీ గ్లవ్స్ మాట లాటిన్‌ది, అక్కడ దాని అర్థం ద్రవం. అబ్బాయిది కంప్యూటర్‌లో పుస్తకాలు, లెక్కల సూత్రాలు అందంగా కూర్చే పద్ధతి. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1978లో తెచ్చిన "టెక్" అనే అక్షరాలు కూర్చే ప్రోగ్రాం మీద లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో దాన్ని కట్టారు, ముందున్న "లా" ఆయన పేరులోదే. ఇంగ్లీషులో LaTeX అని రాస్తే చివరి అక్షరం ఎక్స్‌లా కనిపించినా అది గ్రీకు అక్షరం, కళ, నేర్పు అనే అర్థమున్న "టెఖ్నే" నుంచి వచ్చింది, అందుకే "క్స్" అని పలకరు. లేటెక్, లాటెక్ రెండూ వినిపిస్తాయి. లాంపోర్టే ఫలానాలాగే పలకాలని పట్టుబట్టలేదు కాబట్టి అబ్బాయిని దిద్దకండి.